మా కప్పు, వాళ్ళ నేల

మా ఇంటి కప్పును మా బావ ఊడబీకడం మొదలుపెట్టినప్పుడు నేను కింద హాలు మూల పొయ్యి మీద పప్పు ఉడకబెడుతున్నాను. మొదటి దెబ్బకు సున్నం పెళ్ళ ఒకటి రాలి పొయ్యి పక్కన పడింది. రెండో దెబ్బకు నేరుగా గిన్నెలోనే పడింది. బావ అంటే మా ఆయనకు సొంత అన్న. పై అంతస్తు ఆయనది, కింది ఇల్లు మాది. మధ్యలో ఉన్న టేకు చెక్కలు ఎవరివో తేలక ఆ ఎండాకాలం మా ఇంట్లో నెత్తురు కారింది.

సిద్దిపేట పాత వీధుల్లో ఇలాంటి ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. కింద రాతి గోడలు, గోడ నుంచి గోడకు టేకు దూలాలు, దూలాల మీద జానెడున్నర వెడల్పు పలకలు. మా ఆయన తాత కట్టించాడు. కమ్మరితో కొట్టించిన పలక మొలలు దిగగొట్టించాడట, ఒక్కోటి నా వేలంత ఉంటుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ చెక్కలు కింది నుంచి నల్లగా నిగనిగలాడేవి. వాటిని చూస్తూ పడుకోవడం నాకు ఇష్టం. ఇంట్లో ఇంకేదీ నాకు అంత నచ్చలేదు, మనుషులతో సహా.

మామ పోయాక పంపకాలు జరిగాయి. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వంతులు పెట్టాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. అప్పుడు పెద్దవాడు మోసం చేయలేడు, చిన్నవాడు తర్వాత ఏడవలేడు. పొలం అట్లాగే పంచుకున్నారు. బావి, బోరు, మామిడి చెట్లు, ఇత్తడి గుండిగలు అన్నీ అట్లాగే పోయాయి. ఇంటి దగ్గరికి వచ్చేసరికి బావ, "మీదిది ఒక వంతు, కిందిది ఒక వంతు" అన్నాడు. మా ఆయన కిందిది ఏరుకున్నాడు. పైకి నీళ్ళు మోయడం నా వల్ల కాదని నేనే ముందు రోజు చెవిలో వేశాను. పెద్దమనుషులు తలలూపారు, చాయ తాగారు, లేచిపోయారు. గోడల మాట వచ్చింది, మెట్ల మాట వచ్చింది, పెంకుల మాట కూడా వచ్చింది. మధ్యలో ఉన్న చెక్కల మాట ఒక్కరికీ తట్టలేదు. బావకు అది నేల, మాకు అది కప్పు, ఇద్దరికీ అది తమదే.

కొన్నేళ్ళు గొడవ లేదు. తర్వాత బావ ఊరి బయట కొత్తగా ఇల్లు మొదలుపెట్టాడు. పైన తాళం పడింది, పెంకులు జరిగినా సర్దేవాళ్ళు లేరు. ఆ కొత్త ఇంటికి దర్వాజలు, దేవుడి అర్ర, మెట్లకు కటకటాలు అన్నీ పాత టేకుతోనే కావాలని ఆయనకు పట్టుకుంది. ఒకరోజు వచ్చి మా హాలులో నిలబడి తల పైకెత్తి చూస్తూ, "అసొంటి టేకు ఇప్పుడు యాడ దొరుకుతది తమ్మీ" అన్నాడు. మా ఆయన, "దొరకదు. అందుకే అది ఆడనే ఉంటది" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ పొద్దు పని మనుషులను తీసుకొని బావ చెప్పాపెట్టకుండా వచ్చాడు. మా ఆయన ఎరువుల దుకాణానికి పోయిన సమయం చూసుకొనే వచ్చాడు. మా అమ్మాయి లోపలి అర్రలో డిగ్రీ పరీక్షలకు చదువుకుంటోంది. నేను పొయ్యి తగ్గించి పైకి ఎక్కాను. నలుగురు మనుషులు గడ్డపారలతో గోడ వారగా పలకలు లేపుతున్నారు. ఒకడు సందులో గడ్డపార దూర్చి ఒరగదీస్తే చెక్క కీచుమంటూ లేచి, మొల దగ్గర నిలువునా చీలింది.

"బావా, కింద మనుషులున్నరు. ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"నా ఇల్లు నేను ఇప్పుకుంటున్న. మీ ఇల్లు నేను ముట్టుకోలే."

"మా నెత్తి మీదిది ఇప్పుకుంట, మా ఇల్లు ముట్టుకోలేదంటవా?"

"నేను నడిచేటిది నాదే గదా. మీరు కిందిది ఏరుకున్నరు. చెక్కలు గూడ మాయే అని నీ మొగడు అప్పుడనలే."

"నీయే అని నువ్వు గూడ అనలే."

మాటకు మాట పడితే మా బావ పని వాళ్ళ మీద అరుస్తాడు. అరిచాడు. గడ్డపారలు మళ్ళీ లేచాయి. నేను కిందికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను. ఒళ్ళు మండిపోతోంది. ఆ పప్పు పారబోయాలని కూడా తోచలేదు, గరిటె పెట్టి తిప్పుతూనే ఉన్నాను.

మా ఆయన వచ్చేసరికి హాలు మీద సగం కప్పు లేదు. దూలాల మధ్య నుంచి పై అంతస్తు గోడలు, వాటి మీద పెంకులు కనిపిస్తున్నాయి. ఇంట్లోకి ఎన్నడూ పడని వెలుతురు పడింది. అందులో దుమ్ము సుడులు తిరుగుతోంది. ఆయన చెప్పులు కూడా విడవకుండా మెట్లెక్కాడు. పైన మాటలు నాకు కింది నుంచే స్పష్టంగా వినిపించాయి, ఇక మధ్యలో అడ్డం ఏముంది గనక.

"అన్నా, ఆపు."

"జరుగు."

"జరగ. దమ్ముంటే నన్ను గూడ ఇప్పుకపో."

మా ఆయన ఊడదీయని పలకల మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. పని వాళ్ళు గడ్డపారలు దించి గోడ పక్కకు జరిగారు. అన్నదమ్ముల మధ్య వాళ్ళు ఎందుకు వస్తారు. అప్పుడు బావ ఒకరి చేతిలోని గడ్డపార లాక్కున్నాడు. మా ఆయన కాళ్ళ దగ్గరే సందులో పొడిచి బలమంతా పెట్టి ఒరగదీశాడు. పలక లేచింది. దాంతోపాటు మా ఆయన కూడా లేచి, పక్కకు ఒరిగి, ఆ సందులోంచి కిందికి దిగబడ్డాడు.

నేను చూసింది ఇది. మా పొయ్యికి సరిగ్గా పైన, దూలానికీ దూలానికీ మధ్య, మా ఆయన కాలు ఒకటి తొడ దాకా వేలాడుతోంది. చెప్పు ఊడి పప్పులో పడింది. చీలిన చెక్క అంచు తొడలోకి దిగింది. ప్యాంటు మీద నుంచి నెత్తురు మడమ దాకా వచ్చి అక్కడ నుంచి చుక్కలు చుక్కలుగా పొయ్యి గట్టు మీద పడసాగింది. ఆయన అరవడం లేదు. పైన బూతులు తిడుతున్నాడు. మా అమ్మాయి నా వెనక నిలబడి అదే పనిగా "అమ్మా, అమ్మా" అంటోంది.

గోడకు ఆనించి ఉన్న రోకలి చేతికి తగిలింది. దాన్ని నేను వెతకలేదు. పైకి ఎక్కేసరికి బావ గడ్డపార మళ్ళీ ఎత్తి ఉన్నాడు. మా ఆయన ఒక కాలు తొడ దాకా చెక్కల్లో ఇరుక్కొని, రెండు చేతులతో ముందున్న పలకను పట్టుకొని ఉన్నాడు. గడ్డపార మొన ఆయన తల వైపు ఉంది. నేను రోకలి రెండు చేతులతో తిప్పి బావ మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. గడ్డపార జారి దూలాల మధ్య నుంచి కింద బండల మీద ఖణేలున పడింది. బావ మోకాళ్ళ మీద కూలబడి తన చేతిని వింతగా చూసుకున్నాడు.

"ఇరుక్కున్న చెక్కను లేపుదామని ఎత్తిన. వాడ్ని బయటికి తీద్దామని ఎత్తిన" అని తర్వాత ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. నేను మాత్రం ఎత్తిన గడ్డపారను చూశాను, దాని కింద నా మొగుడి తలను చూశాను. మళ్ళీ అదే కనబడితే మళ్ళీ అదే చేస్తాను. ఈ మాట బావ ముందు కూడా అన్నాను.

ఇద్దరినీ ఒకటే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. వీధిలో ఆ వేళకు ఇంకో ఆటో దొరకలేదు. మా ఆయన కాలు చాపడానికి జాగ లేక బావ ఒళ్ళో పెట్టాం. బావ విరిగిన చేతిని గుండెకు ఆనించుకొని, రెండో చేతితో తమ్ముడి తొడ మీద నా కొంగు అదిమి పట్టుకున్నాడు. నెత్తురు ఆగాలిగా మరి. పోయినంతసేపూ ఇద్దరూ ఒకరి తల్లిని ఒకరు తిట్టుకున్నారు. తల్లి ఒకటే అన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. మా యారాలు, అంటే బావ భార్య, దవాఖాన వరండాలో నా జుట్టు పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. ఆయాలు వచ్చి విడదీశారు.

పోలీసు స్టేషన్ దాకా పోకుండా మా ఆయన మేనమామ కొండపాక నుంచి వచ్చి అడ్డుపడ్డాడు. అప్పటి పంపకాల్లో పెద్దమనిషి ఈయనే. చెక్కల మాట మరిచిపోయిందీ ఈయనే. హాలులో కుర్చీ వేసుకొని, పైకి చూసి, కిందికి చూసి, చివరికి తీర్పు చెప్పాడు. మిగిలిన పలకలు కూడా ఊడదీయాలి. అన్నీ బయట వేసి, పద్ధతి ప్రకారం పెద్దవాడు రెండు వంతులు పెట్టాలి, చిన్నవాడు ఏరుకోవాలి.

నాకు తల తిరిగింది. లోపలి అర్ర మీద కప్పు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. ఆడపిల్ల పడుకునే అర్ర అది. మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గర పడుతోంది, ఈ నెలో వచ్చే నెలో వానలు దిగుతాయి.

"మామా, గా లోపలి అర్ర మీదియి ఉండనియ్యరాదా? అవి మా వంతుల రాసుకోండ్రి" అన్నాను.

"అట్లెట్ల అయితది బిడ్డా. కుప్పల వెయ్యందే ఏది ఎవలిదో ఎట్ల తెలుస్తది?"

"మల్ల గాడనే కొట్టుకోవాలె గదా."

"కొట్టుకుందురు. ముందుగాల వంతులు కావాలె."

చెక్కుచెదరని కప్పును ఊడదీసి, పంచుకొని, మళ్ళీ అక్కడే కొట్టుకోవాలన్న మాట. ఆ హాలులో కూర్చున్న మగవాళ్ళలో ఒక్కడికీ ఇందులో తప్పేముందో అర్థం కాలేదు. మా ఆయన మంచం మీద పడుకొని, "మామ చెప్పింది సక్కగుంది" అన్నాడు. కనీసం వానలు ఆగేదాకా హాలు మీద రేకులు వేయిద్దామన్నాను. "రేకులేస్తే చెక్కలు ఆయనయే అని ఒప్పుకున్నట్టయితది" అన్నాడు. తొడకు కుట్లు పడ్డా బుర్రకు పడలేదు.

చేసేది లేక, మిగిలినవి నేనే దగ్గరుండి తీయిస్తానన్నాను. బావ తెచ్చిన మనుషులు చీల్చి పారేసినవి చూశాక నా చెక్కలను వాళ్ళ చేతికి వదలదలచుకోలేదు. వడ్రంగి పనిలో చెయ్యి తిరిగిన ఒక వడ్లాయనను పిలిచాను. కింద నిచ్చెన వేసుకొని, మొల దిగిన చోట కట్టె ముక్క ఆనించి కింది నుంచి పైకి కొట్టాలి. వేలు దూరేంత సందు వచ్చాకే పైన గడ్డపార పెట్టాలి, అదీ మొల పక్కనే, నడుమ కాదు. మొదటి రోజు ఆయన కొట్టాడు. రెండో రోజు నుంచి నేనూ సుత్తె పట్టాను. దుమ్ము కళ్ళల్లో, నోట్లో, జాకెట్టులో పడేది. పాత మొల ఒక పట్టాన రాదు. మా బావను, మా ఆయనను, ఆ మేనమామను తలచుకుంటే వచ్చేది. నిచ్చెన మీద నిలబడి నా తల మీది కప్పును నేనే కొట్టాను, కసితీరా కొట్టాను, ఏడుస్తూ కొట్టాను. ఒక్క పలక కూడా చీలలేదు.

వంతులు పెట్టే రోజు బావ చేతికి సిమెంటు కట్టుతో వచ్చాడు. వాకిట్లో కుప్పగా ఉన్న పలకలను ఒంటి చేత్తో ఒక్కొక్కటే తిరగేశాడు. వెడల్పువి ఒకటి ఇటు, ఒకటి అటు. చీలినవి ఒకటి ఇటు, ఒకటి అటు. ఎవరినీ చెయ్యి వేయనియ్యలేదు. చెమట కారిపోతున్నా నీళ్ళు అడగలేదు. నేను మెట్టు మీద కూర్చొని ఎక్కడైనా దొంగలెక్క వేస్తాడేమోనని కళ్ళు పెద్దవి చేసుకొని చూశాను. ఎక్కడా దొరకలేదు, అది నాకు ఇంకా మంటగా అనిపించింది. సగం చెక్కలు లోపలి అర్రకు సరిగ్గా సరిపోతాయని వడ్లాయన ముందే కొలిచి చెప్పాడు. రెండు కుప్పల్లో ఏది వచ్చినా నా బిడ్డ మీద కప్పు పడుతుంది. నాకు కావలసింది అంతే.

మా ఆయన కర్ర పట్టుకొని కుంటుకుంటూ వచ్చి ఎడమ కుప్పను కర్రతో తట్టాడు. "ఇది నాది" అన్నాడు. మేనమామ తలూపాడు. బావ పక్కకు జరిగాడు. అప్పుడు మా ఆయన లుంగీ మడతలోంచి సీసా, అగ్గిపెట్టె తీశాడు. బండిలోంచి పెట్రోలు ఎప్పుడు తీసి పెట్టుకున్నాడో నాకు తెలియదు. మూత తీసి కుప్ప మీద ఒంపసాగాడు.

"ఏం జేస్తున్నవ్ ర?" అన్నాడు మేనమామ.

"నా వంతు నా ఇష్టం. ఆయనకు దర్వాజలు గావాలె, నాకు బూడిద గావాలె. తాత చెక్కలు కాలంగ చూసి పోనీ."

బావ మొహం పాలిపోయింది. ఎదుటివాడికి నొప్పి పెట్టిందని తెలిసి మా ఆయన కళ్ళు మెరిశాయి. ఆ క్షణాన ఆయనకు నేను గుర్తు లేను, కూతురు గుర్తు లేదు. నేను పోయి కుప్పకూ ఆయనకూ మధ్య నిలబడ్డాను.

"ఇందుల మన బిడ్డ మీది కప్పున్నది. అగ్గిపెట్టె ఇటియ్యి" అన్నాను.

ఆయన కర్ర ఎత్తి నా భుజం మీద కొట్టాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో అదే మొదటిసారి. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. వాకిలి నిండా జనం ఉన్నారు. పెద్దమనుషులు ఉన్నారు. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు, మొగుడూ పెళ్ళాల సంగతి గనక. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. ఈ మనిషి తల కోసమా నేను ఇంకొకరి చెయ్యి విరగ్గొట్టింది అనుకున్నాను. భయం వేయలేదు. అసహ్యం వేసింది.

లేచింది బావే. "ఆడిదాన్ని కొడుతవార" అంటూ మంచి చేత్తో మా ఆయన మెడ పట్టుకున్నాడు. మా ఆయన కర్రతో ఆ సిమెంటు కట్టు మీదే కొట్టాడు. ఇద్దరూ కింద పడ్డారు. ఒకడికి కాలు లేదు, ఒకడికి చెయ్యి లేదు, అయినా దొర్లి దొర్లి కొట్టుకున్నారు. ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. అగ్గిపెట్టె దుమ్ములో పడితే దాన్ని కాలితో తొట్టి కిందికి తోసేశాను. తొట్టిలో బకెట్ ముంచి కుప్ప మీద పోశాను. మళ్ళీ ముంచాను. పెట్రోలు వాసన తగ్గేదాకా, పలకల సందుల్లోంచి నీళ్ళు కారి వాకిలంతా బురద అయ్యేదాకా పోశాను. ఆ బురదలోనే అన్నదమ్ములు ఇంకా పెనుగులాడుతున్నారు. నా వైపు ఎవరూ చూడటం లేదు. మా అమ్మాయి వచ్చి రెండో బకెట్ అందుకుంది.

బావ ఆ సాయంత్రమే తన వంతు ట్రాలీలో వేసుకొని పోయాడు. ఇప్పుడు మా ఇంట్లో ఆయనకు మిగిలింది నాలుగు గోడల మధ్య గాలి. చెక్కలు ఆరాక నేను వడ్లాయనను పిలిపించి లోపలి అర్ర మీద కొట్టించాను. పైన తాడ్పత్రి పరిపించాను. ఆ అర్ర తలుపుకు లోపలి వైపు కొత్త గొళ్ళెం పెట్టించాను. అప్పటి నుంచి నేను, మా అమ్మాయి అందులో పడుకుంటున్నాం. ఆయన మంచం హాలులోనే ఉంది. అన్నం పెడుతున్నాను, కట్టు మారుస్తున్నాను. మాటలు పనికి కావలసినన్ని మాత్రమే.

మిరుగు దాటాక మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం పడింది. పైన పెంకులు ఎప్పుడో జరిగాయి. ఎక్కి సర్దుదామంటే అక్కడ కాలు పెట్టే చోటు లేదు. నీళ్ళు రెండంతస్తుల ఎత్తు నుంచి హాలులోకి పడుతున్నాయి. మేం ఇద్దరం లోపలి అర్రలో ఉన్నాం. మా ఆయన మంచాన్ని ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఈడ్చుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత కర్ర చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"లోపల కారుతుందా?" అన్నాడు.

"లేదు."

"నా వంతు చెక్కలే గదా అవి" అన్నాడు.

"నీ వంతు నువ్వు కాలవెట్టుకుంటనన్నవు. ఇవి నేను తడుపుకున్నయి."

మా అమ్మాయి నా మొహం చూసింది. పుస్తకం పక్కన పెట్టి గొళ్ళెం తీయడానికి లేచింది. నేను దాని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను. అది విడిపించుకోబోయింది, నేను వదలలేదు. బయట మంచం మళ్ళీ ఈడ్చిన చప్పుడైంది.